ఏడ్చే బండితో శంషాబాద్‌కు

శంషాబాద్ పోయివచ్చిన వాళ్లంతా విమానం ఎక్కిన సంగతే చెబుతారు. నేను అక్కడ మూడు రోజులున్నాను, విమానాశ్రయం గడప తొక్కలేదు. విమానాల పొట్టలు మాత్రం తనివితీరా చూశాను, అదీ మా బావ పికప్ బండి పక్కన మట్టిలో వెల్లకిలా పడుకుని. ఆ చుట్టుపక్కల మనుషులు ఏం తింటారో, ఎట్లా మాట్లాడుకుంటారో, మనలాంటి వాళ్ల బండ్లు చెడితే ఎవరు బాగుచేస్తారో అటు పోనివాళ్లకు చెబుదామని ఇది రాస్తున్నాను.

నన్ను ఎరిగినవాళ్లు ఇందులో సగం తీసేసి చదువుదామనుకుంటారు. మా ఊళ్లో ఏ కబురు వచ్చినా, "సత్తయ్య చెప్పిండా? అయితే రేపు సూద్దాం తియ్" అంటారు. చెరువులో చేప నా ఎడమ చెప్పు మింగి, మరుసటేడు కుడి చెప్పు కోసం ఒడ్డుకు వచ్చిందని చెప్పినవాణ్ని నేనే. ఈసారి ఏమీ కలపలేదు. కలిపినందుకే ఈ ప్రయాణం చేయాల్సి వచ్చింది.

బయలుదేరక ముందు

మా అక్క మొగుడు నర్సింలు బావకు ఒక పికప్ ఉంది. ఆమనగల్లు చుట్టూ ఊళ్లలో టమాటాలు, వంకాయలు ఎత్తి నగరం మార్కెట్లలో దించుతాడు. పోయిన వానాకాలం బావ తమ్ముడు సాయిలును వరిమడిలో పాము కరిచింది. బావ ముందు పసరు పోసే మనిషి దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడ గంట గడిచింది. ఆ తర్వాత ఈ పికప్‌లోనే దవాఖానకు తోలాడు. వెనక తొట్టిలో సాయిలు తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది నేను. దవాఖాన గేటు కనబడేసరికి సాయిలు లేడు.

బండికి అప్పటికే కుయ్యి కుయ్యిమనే చప్పుడు ఉంది. దినాల రోజు అందరూ ఏడ్చి అలసిపోయి, కల్లు ముంతలు ముందు పెట్టుకుని ఊరకే కూర్చున్నారు. పదిమంది నోరు మూసుకుని కూర్చుంటే నాకు ఊపిరాడదు. ఎవరో బండిని వాకిట్లోంచి పక్కకు తీస్తుంటే ఆ చప్పుడు వినబడింది. "గది బండి కాదు, సాయిలు. ఇంకా దవాఖాన రాలేదానే అన్నా అని అడుగుతున్నడు" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. దాచుకోవడం దేనికి, నాకు లోపల కొంచెం గర్వం కూడా కలిగింది. అంత బాగా కుదిరిన కథ నా జీవితంలో ఇంకోటి లేదు.

రెండు నెలల్లో ఆ మాట పది ఊళ్లు తిరిగింది. రైతులు ఏడ్చే బండిలో సరుకు వెయ్యం పొమ్మన్నారు. దానికి బావ బాధపడలేదు. ఖాళీ బండి వేసుకుని ఒక్కడే శ్రీశైలం రోడ్డు మీద పోయి వచ్చేవాడు. ఒక రోజు అక్క పట్టుబట్టి వెంట పోయింది. తిరిగి వచ్చి నన్ను వాకిట్లో నిలబెట్టింది.

"ఆయన బండి నడుపుతలేడు తమ్మీ, ఇనుకుంట కూసుంటున్నడు. రోడ్డు సూస్తనే లేడు. రెండుసార్లు లారీ కిందికి పోబోయినం. గా సప్పుడులకు సాయిలును తెచ్చింది నువ్వు, తీసేది గూడ నువ్వే. సప్పుడు పొయ్యేదాంక నా గడప తొక్కకు."

శంషాబాద్‌లో ఖాజా భాయ్ అనే మేస్త్రీ ఉన్నాడనీ, బండి కింద ఇంజన్ నుంచి వెనక చక్రాలకు తిరిగే ఇనుప గొట్టం, అదే జాయింట్ షాఫ్ట్, దాని రోగాలన్నీ అతనికి తెలుసనీ ఎవరో చెప్పారు. బావ రానన్నాడు. అక్క రెండు పూటలు అన్నం ముట్టకపోయేసరికి తాళంచెవి తీశాడు.

మొదటి రోజు: కడ్తాల్

మొట్టమొదటిసారి ఆ చప్పుడును పక్క సీట్లో కూర్చుని విన్నాను. బండి కదలగానే కుయ్యి, ఆగి మళ్లీ కుయ్యి. వేగం పెరిగేకొద్దీ దగ్గరవుతుంది. యాభై దగ్గర ఒకటే ఏడుపు. అరవై దాటితే గాలి హోరులో కలిసిపోతుంది. బావ అరవై దాటించడు. దిగువ వచ్చినప్పుడు గేరు తీసేసి వదిలేస్తాడు. ఇంజన్ హోరు తగ్గుతుంది, చప్పుడు మాత్రం చక్రాలతోపాటు వస్తూనే ఉంటుంది. అప్పుడు అద్దం దించి తల కొంచెం వంచుతాడు. అక్క చెప్పింది అబద్ధం కాదు. ఆయన కళ్లు రోడ్డు మీద లేవు.

కడ్తాల్‌లో చాయ్‌కి ఆగాం. మా ఊళ్లో పది, అక్కడ పదిహేను. గ్లాసు మాత్రం మా ఊరి గ్లాసుకంటే చిన్నది. హోటల్ నడిపే పెద్దమ్మ, ఏం చప్పుడు బిడ్డా అది అని అడిగింది. నోరు ఊరుకోదు కదా, జూకు తీసుకుపోతున్న నెమలి సీటు కింద ఉందన్నాను. ఆమె స్టవ్ మీదినుంచి కళ్లు ఎత్తకుండానే చెప్పింది.

"నెమళ్లు మా చేన్ల రోజు అరుస్తయి. గది ఎండిన ఇనుము. నా పెనిమిటి బోరు బండి మీద పన్జేసేటోడు, నాకు తెల్వదా."

తర్వాత మూడు చోట్ల ముగ్గురు మేస్త్రీలు చెప్పలేకపోయింది ఆ పెద్దమ్మ గిన్నెలో చక్కెర వేస్తూ చెప్పేసింది. నేను పట్టించుకోలేదు. బావ చాయ్ సగం పారబోసి లేచాడు.

తుక్కుగూడ

ఔటర్ రింగ్ రోడ్డు కింద బండ్లు కడిగే చోటు కనబడగానే బావ ఆపాడు. మేస్త్రీ దగ్గరికి మురికి బండితో పోతే బాగుండదన్నాడు. అది నాకు మర్యాదగానే తోచింది. కడిగే మనిషి ముందు కిందంతా డీజిల్ కొట్టాడు, తర్వాత పైపుతో నీళ్లు కొట్టాడు. బావ పక్కన నిలబడి ఇక్కడ కొట్టు, అక్కడ కొట్టు అని వేలు పెట్టి చూపించాడు.

కడిగాక చూస్తే చప్పుడు లేదు. శంషాబాద్ చేరాక ఖాజా భాయ్ ఏదో పెళ్లికి జహీరాబాద్ పోయాడనీ, ఎల్లుండి వస్తాడనీ తెలిసింది. వేరే షెడ్లు మూడు తిరిగాం. ఒకడు బెల్టు అన్నాడు, ఒకడు బ్రేకు అన్నాడు, మూడోవాడు బండి దివ్యంగా ఉంది, మీ చెవులు చూపించుకోండి అన్నాడు.

"సూసినవా, పోయింది. ఇగ ఇంటికి పోదాం పా" అన్నాడు బావ. ఆయన గొంతులో ఒక తొందర ఉంది. పోయిన సంతోషం అందులో లేదు. ఖాజా భాయ్ వచ్చేదాకా కదలనన్నాను.

మామిడిపల్లి

ఒక దుకాణం మీద గది దొరికింది. రోజుకు కిరాయి ఐదు వందలు, నీళ్లు పొద్దున ఒక్క గంట. ఇంటామె మంచిది, ముచ్చట్లంటే ఇష్టం. అక్కడి వాళ్లకు ఒక అలవాటుంది. నెత్తి మీదికి విమానం రాగానే మాట ఎక్కడుంటే అక్కడ ఆపేస్తారు. అది పోయాక సరిగ్గా అదే అక్షరం నుంచి ఎత్తుకుంటారు. ఇంటామె తన కోడలి గురించి "ఆమెకు పని చెప్తే" అని ఆగింది. విమానం ఎర్ర లైట్లతో ఇంటి కప్పు గీక్కుంటూ పోయినట్టు పోయింది. "తలకాయనొప్పి లేస్తది" అని ముగించింది. మా ఊళ్లో అయితే ఆ సందులో నేను నాలుగు కథలు దూర్చేవాణ్ని. అక్కడ ఎవరూ దూర్చరు. ఆగిన మాట చెప్పేవాడిదే.

సాయంత్రం పహాడీ షరీఫ్ దర్గాకు పోయాం. గుట్ట కింద హోటళ్లలో పొట్టేలు మాంసం ఎర్రగా ఉడుకుతుంటుంది, వాసనకే సగం ఆకలి తీరుతుంది. మా దగ్గర జాతరకు పోతే వండుకుని తింటాం, అక్కడ వండినది కొనుక్కుని చాపల మీద కుటుంబాలు కుటుంబాలుగా కూర్చుని తింటారు. బావ రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. మెట్లెక్కి పైన ఒక మూల కూర్చున్నాడు. ఏం మొక్కుకున్నావని అడగలేదు. చప్పుడు పోవాలని మాత్రం కాదని నాకు తెలుసు.

రెండో రోజు: విమానాశ్రయం చుట్టూ

ఆ రోజంతా చప్పుడు కోసం తిరిగాం. రాజేంద్రనగర్ చెట్ల నీడలో పోయాం, మైలార్‌దేవ్‌పల్లి ఇరుకు సందుల్లో ఇరుక్కున్నాం, మళ్లీ విమానాశ్రయం రోడ్డు ఎక్కాం. ముందు సీట్లో ఇద్దరం చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్నాం. ఒకడికి అది దొరికితే పారేయాలని, ఇంకొకడికి దొరికితే దాచుకోవాలని.

మూడోసారి అదే వంపు దగ్గర తిరుగుతుంటే ఒక సెక్యూరిటీ మనిషి ఆపాడు. ఇక్కడేం పని అన్నాడు. బండి చప్పుడు పోయింది సార్, అది వచ్చేదాకా తిరుగుతున్నాం అన్నాను. నిజం. కాగితాలన్నీ తీయించాడు, సీట్లు ఎత్తించాడు, ఎండలో అరగంట నిలబెట్టాడు. ఇక లాభం లేదని, దుబాయ్ నుంచి పెళ్లికొడుకు దిగుతున్నాడు, విమానం ఆలస్యమైంది అన్నాను. ముందే చెప్పొద్దా అన్నా అని పంపించేశాడు.

బావ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "నువ్వు ఏది చెప్పినా నమ్ముతరు" అన్నాడు. అంతే అన్నాడు.

మూడో రోజు: శంషాబాద్, ఖాజా భాయ్ షెడ్డు

పొద్దున గేరు వేయగానే కుయ్యిమంది, మునుపటికంటే గట్టిగా. బావ వెంటనే అద్దం దించాడు.

ఖాజా భాయ్‌కి అరవై ఉంటాయి. కళ్లద్దాలకు దారం కట్టి మెళ్లో వేసుకున్నాడు. ముందు సీట్లో కూర్చోమంటే వద్దని వెనక తొట్టిలో పడుకున్నాడు, చెవి ఇనుప రేకుకు ఆనించి. సాయిలు పడుకున్నది సరిగ్గా అక్కడే. బావ అద్దంలోంచి చూసి ముఖం తిప్పుకున్నాడు. ఒక ఫర్లాంగు పోయాక ఖాజా భాయ్ రేకు మీద కొట్టి ఆపమన్నాడు. బండిని జాకీ మీద లేపి, షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పాడు. దాన్ని గేర్‌బాక్స్‌కు కలిపే చోట శిలువ ఆకారంలో చిన్న ఇనుప ముక్క ఉంటుంది, క్రాస్ అంటారు. దాని నాలుగు కొనలకూ నాలుగు టోపీలు, ఆ టోపీల్లో సూదుల్లాంటి సన్న కడ్డీలు, వాటి మధ్య గ్రీజు. ఖాజా భాయ్ ఒక టోపీ అంచున వేలితో రాసి బావ అరచేతిలో రుద్దాడు. కుంకుమలాగా ఎర్రటి పొడి.

బండిని ఎవరు కడిగారని అడిగాడు. బావ తానేనన్నాడు. ఎన్నిసార్లు అంటే, నెలకొకసారి, తమ్ముడు పోయిన తిథి నాడు అన్నాడు. "శవం మోసిన బండి గద భాయ్. ఎవ్వరు ఒప్పుకోరు కడగకుంటె."

ఖాజా భాయ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కడిగాక రెండు రోజులు గమ్మునుంటుందా అని అడిగాడు.

"ఉంటది" అన్నాడు బావ. "తిథి చేసినంక రెండొద్దులు ఊకుంటడు. మల్ల పిలుస్తడు."

"అట్ల కాదన్నా. డీజిల్ కొడితె లోపలున్న గ్రీజంత పాయె. నీళ్లు పోతె తడికి రెండు దినాలు సప్పుడుండదు. ఆరినంక తుప్పు వడతది, ఇంకింత అరుస్తది. మీరు కడిగిన కొద్ది ఖరాబైంది." గ్రీజు ఎక్కించే రంధ్రం మట్టితో పూడిపోయింది, వేలితో గీకి చూపించాడు. "గిది దూపకు అరుస్తుంది అన్నా, నీళ్ల దూప కాదు, గ్రీజు దూప. మీరు దాన్ని ఎండబెట్టిన్రు."

"కడిగినందుకేనా?" అన్నాడు బావ.

"కడిగినందుకే."

బావ అరచేతిలోని ఎర్ర పొడి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, బాగుచేయొద్దు, అట్లనే దించు అన్నాడు. ఖాజా భాయ్ అరవలేదు. షెడ్డు గోడకు వేలాడుతున్న ఒక షాఫ్ట్ చూపించాడు. విల్లులాగా వంగిపోయి ఉంది. ముందు జాయింటు తెగితే ఆ కొన రోడ్డులో గుచ్చుకుని బండిని వెనకనుంచి లేపేస్తుందని చెప్పాడు. "దీని డ్రైవర్ నా కాడికి రాలే. ఆయన కొడుకు తెచ్చిండు. మీది ఇంక వంద కిలోమీటర్లు నడుస్తదో, పది నడుస్తదో, నేను చెప్పలేను."

బావ తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. అప్పుడు నేను చెప్పాను. యాభై దాటిన వయసులో మొదటిసారి నా కథను నేనే విప్పాను. దినాల రోజు అది నేను అల్లిన మాటనీ, సాయిలు పోకముందు నుంచే బండి చప్పుడు చేసేదనీ, నేను విన్నాననీ, ఏదో ఒకటి మాట్లాడాలని అన్నాననీ చెప్పాను. షెడ్డులో పనిచేసేవాళ్లు సుత్తులు ఆపి చూశారు.

"తెల్సు" అన్నాడు బావ. "నాకు గప్పుడే తెల్సు. నువ్వు పుట్టినప్పటి సంది ఎన్నడు నిజం చెప్పినవ్. గాని చెప్పినంక ఇన్న. ఇన్నంక వాడే అనిపిచ్చిండు. బండిల ఒక్కన్నే కూసుంటె ఏదో ఒకటి ఇనబడాలె గద సత్తీ."

ముగ్గురం ఆ వంగిన ఇనుమును చూస్తూ నిలబడ్డాం. బావ తాళంచెవి కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, ఎర్ర పొడిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఇప్పు భాయ్" అన్నాడు.

కాటేదాన్

కొత్త క్రాస్ కోసం నన్ను కాటేదాన్ పంపించారు. షేర్ ఆటోలో ముప్పై రూపాయలు. అక్కడ గాలికి బిస్కెట్ల వాసన ఉంటుంది, కాలువకు వేరే వాసన ఉంటుంది, రెండూ ఒకేసారి ముక్కుకు తగులుతాయి. పాత టోపీ జేబులో వేసుకుని పోయినా దుకాణంవాడు వెంట్రుకవాసి పెద్దది ఇచ్చాడు, నేను చూసుకోలేదు. మళ్లీ ఆటో, మళ్లీ బిస్కెట్ల వాసన. రెండోసారి పోయినప్పుడు దుకాణంవాడు, టోపీని కొత్తదాని పక్కన పెట్టి చూడొద్దా పెద్దమనిషీ అని నన్నే తిట్టాడు.

తిరిగి వచ్చేసరికి పాత క్రాస్ నేల మీద గుడ్డలో ఉంది. సూదులు అరిగి, కొన్ని పొడి అయిపోయి ఉన్నాయి. ఖాజా భాయ్ విప్పేముందే షాఫ్ట్‌కు రెండు పక్కలా సుద్దతో గీతలు గీసుకున్నాడు, ఎట్లా ఉన్నది అట్లాగే కూర్చోవాలట, లేకపోతే బండి వణుకుతుందట. మూడో టోపీ కొడుతుంటే దిగలేదు. లోపల ఒక సూది అడ్డం పడింది. నేనైతే ఇంకో దెబ్బ వేసేవాణ్ని. బావ బండి కిందికి దూరి, టోపీ బయటికి లాగించి, వేలికొనతో తడిమి ఆ సూదిని నిలబెట్టాడు. గ్రీజు గన్ కూడా తానే పట్టుకున్నాడు. నాలుగు కొనలనుంచీ కొత్త గ్రీజు ఉబికి వచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు. వచ్చాక కూడా ఆపలేదు. ఖాజా భాయే చెయ్యి పట్టుకుని చాలన్నాడు.

తిరుగుదారి

తుక్కుగూడ దాటేసరికి పొద్దు వాలుతోంది. బండి ముప్పైకి వచ్చింది, యాభైకి వచ్చింది. టైర్ల చప్పుడు, గాలి, అంతే. ఏదైనా చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి మూశాను. మహేశ్వరం గేటు దాటాక బావ రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"సాయిలు తొట్టిల దూపైతుందన్నడా?"

చేప గురించో, నెమలి గురించో అడిగి ఉంటే నేను గంటసేపు చెప్పేవాణ్ని.

"అన్నడు" అన్నాను.

"నువ్వేం జేసినవ్?"

"నీళ్లిచ్చిన."

"నేను వద్దంటి గద."

"అన్నవు. అయినా ఇచ్చిన. రెండు గుక్కలు తాగిండు."

ఇది నేను చెప్పిన వాటిలో అన్నిటికంటే చిన్న కథ. బావ నమ్మాడు. చాలా దూరం పోయాక, "మంచిపని జేసినవ్" అన్నాడు.

బావకు బోర్డుల మీద ఊళ్ల పేర్లు తప్ప చదవడం రాదు. అందుకే ఇక్కడ రాయగలుగుతున్నాను. ఆ రోజు పసరు పోసిన మనిషి, మందు పనిచేసేదాకా నోట్లో నీళ్లు పడొద్దన్నాడు. బండి కదిలే ముందు బావ తొట్టి దగ్గరికి వచ్చి, ఒక్క చుక్క కూడా పొయ్యకు అని నాకు గట్టిగా చెప్పాడు. సాయిలు దారిలో మూడుసార్లు నీళ్లు అడిగాడు. దవాఖాన వస్తోంది, ఆగు అన్నాను. మూడోసారి అడిగినప్పుడు గొంతు లేదు, పెదాలు మాత్రమే కదిలాయి. దినాల రోజు అతను దవాఖాన గురించి అడిగాడని నేను అల్లినది అందుకే, అతను అడిగింది అది కాదు. నీళ్ల సీసా నా సంచిలోనే ఉంది. సాయంత్రం ఇంటికి వచ్చి చూస్తే దాని మూత సీలు కూడా తెగలేదు.